తెల్ల ఇసుక కనబడని చోటు: ఉద్దానం తోటల్లో ఎలుగు జాడ కోసం పటం గీసిన కేసు

"బావా, నీ కంప్యూటర్లో ఎలుగు కనిపిస్తాదేటి?"

2023 ఫిబ్రవరి ఆఖర్లో మా మేనమామ కొడుకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. కనబడదన్నాను. "మరేటి కనిపిస్తాది?" అన్నాడు. దానికి సరైన జవాబు చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నేను పటాలు గీసి బతికేవాణ్ని. కాలవల సర్వే, పంటల విస్తీర్ణం, చెరువుల హద్దులు, అప్పుడప్పుడు లేఔట్లు. జంతువుల జోలికి అంతకు ముందెప్పుడూ పోలేదు. బావది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం వైపు ఊరు. నాలుగెకరాల జీడి, ఎకరంన్నర కొబ్బరి. ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఉద్దానం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన, పలాస మొదలు ఇచ్ఛాపురం దాకా సముద్రపు ఒడ్డు వెంట పరుచుకున్న ఇసుక నేలల తోటల సీమ ఇది. కొబ్బరి, జీడి, పనస, మామిడి ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు కలిసి పెరుగుతాయి. పడమట మందస దాటాక కొండలు. వాటి వెనక ఒడిశా వైపు మహేంద్రగిరి, 1,501 మీటర్లు. కొండలకీ తోటలకీ మధ్య హైవే, హౌరా–చెన్నై రైలు పట్టాలు. బయటివాళ్లకు ఉద్దానమంటే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. తోటలోకి పోయేవాళ్లకు దాంతోపాటు ఎలుగు కూడా గుర్తుంటుంది. 2022 జూన్‌లో ఇదే మండలంలోని కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు. ఆ వెంటనే మరికొందరు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు. బావ ఫోన్ చేసేటప్పటికి ఆ సంగతికి ఇంకా ఏడాది నిండలేదు. మార్చి నుంచి మే దాకా జీడి పిక్కలేరే రోజులు. తెల్లారకముందే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని తోటల్లోకి పోతారు. ఏ బాటలో పోతే ఎలుగు ఎదురుపడదో చెప్పగలవా అన్నది అతని అసలు ప్రశ్న.

వేటగాళ్ల దగ్గర అప్పు తెచ్చుకున్న విద్య

జంతువు ఎక్కడుంటుందో అడవిలో అడుగు పెట్టకముందే పటం మీద పసిగట్టే విద్యను మన అటవీ పుస్తకాల కంటే అమెరికా వేటగాళ్లే ఎక్కువ సాన పట్టారు. అక్కడ జింకల వేటకు చట్టం ఒప్పుకున్న రుతువులుంటాయి. వేటగాడు సెలవు పెట్టి వెళ్లేది నాలుగు రోజులకు. ఆ నాలుగు రోజులూ వెతుకులాటలో పోగొట్టుకోకుండా ఇంట్లోనే కూర్చుని నేల ఎత్తుపల్లాలు చూపే 1:24,000 స్కేలు టోపో పటం మీద కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చదువుతాడు. రెండు గుట్టల మధ్య దిగువగా ఉండే కనుమ, వాలులో మెట్టులా ఆగిన చదును, రెండు పక్కలా అడ్డు ఉండి జంతువు తప్పనిసరిగా దూరాల్సిన ఇరుకు, అడవీ పొలమూ కలిసే అంచు – వీటిని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాడు. తర్వాత విమానం నుంచో ఉపగ్రహం నుంచో తీసిన బొమ్మ తెచ్చి, ఆ గుర్తుల్లో వేటి దగ్గర చాటుంది, వేటి దగ్గర తిండి ఉంది అని కొట్టేసుకుంటూ వస్తాడు. మిగిలిన అయిదారు చోట్లకే కాళ్లకు పని. ఆకు ఉన్నప్పటి బొమ్మ ఒకటి, ఆకు రాలాక తీసిన బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టుకుంటాడు. రాలాక తీసిన బొమ్మలో నేల కనిపిస్తుంది, జంతువుల కాలిబాటలు కనిపిస్తాయి.

మన దగ్గర వేట మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నది. తుపాకీ పేలిస్తేనే వేట అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉచ్చు వేసినా, ఎర పెట్టినా, తరిమినా ఆ చట్టం దృష్టిలో అది వేటే. నాకు కావలసింది వేటగాడి చూపు ఒక్కటే, దాన్ని తిరగేసి వాడుకోవడానికి. అతను జంతువు ఉన్న చోటికి పోవడానికి పటం చూస్తాడు, మేము పోకుండా ఉండడానికి.

ఇది చెప్పినంత సులువుగా తిరగబడలేదు.

కాంటూరు గీత లేని నేల

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లు దించుకున్నాను. ఉద్దానం ఎక్కువ భాగం పాత లెక్కలో 74 బీ షీట్లలో పడుతుంది. ఈ షీట్లలో కాంటూరుకీ కాంటూరుకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. మందస కొండల మీద గీతలు దువ్వెన పళ్లలా దట్టంగా ఉన్నాయి. కనుమలూ గెడ్డలూ (కొండవాగులు) చక్కగా తెలుస్తున్నాయి. తూర్పుకి జరిగేసరికి గీతలు అయిపోయాయి. బావ ఊరి చుట్టూ ఒక్క గీత లేదు. సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బలు ఎంత ఎత్తున్నా ఆ తేడాకి అందవు. వేటగాళ్ల విద్యలో సగం అక్కడే చేతిలోంచి జారిపోయింది.

అక్కడ ఆగాల్సింది. నేను ఆగలేదు. గీతలున్న చోటే పని చేద్దామనుకున్నాను. చీకట్లో ఎక్కడో పారేసుకుని, వెలుగుంది గదా అని రోడ్డు లైటు కింద తాళంచెవి వెతికినవాడి తెలివి అది. ఊళ్లో ఎవరినడిగినా "కొండ మీంచి దిగుతాది, తిని పోతాది" అన్నారు. నాకూ అదే నచ్చింది. కొండ దిగిన గెడ్డలు హైవేనీ రైలు కట్టనీ ఎక్కడ దాటుతున్నాయో, అక్కడి కల్వర్టులన్నీ గుర్తు పెట్టాను. కట్ట ఎత్తు, రెండు వైపులా కంచె, కింద తూము – వేటగాళ్లు చెప్పే ఇరుకంటే ఇంతకు మించి ఏముంటుంది అనుకున్నాను. బొమ్మ చాలా అందంగా వచ్చింది. కొండ నుంచి తోటకు మూడు ఎర్ర బాణాలు.

మార్చి మొదటి వారంలో బావా, ఊరి కుర్రాళ్లు ఇద్దరూ, నేనూ మూడు రోజులు ఆ తూముల దగ్గర తిరిగాం. సాయంత్రం తూము నోట్లో ఇసుకను కొబ్బరి మట్టతో ఊడ్చి చదును చేసి, పొద్దున్నే వెళ్లి చూడడం. నక్క అడుగులు, కుక్క అడుగులు, పశువుల గిట్టలు, ఒకచోట ఎవరిదో చెప్పు ముద్ర. ఎలుగు జాడ లేదు. అదే వారంలో తోటల్లో రెండుసార్లు ఎలుగు కనబడిందని ఊళ్లో చెప్పుకున్నారు. అంటే అది దిగి రావడం లేదు. ఇక్కడే ఉంటోంది.

కొండలకీ తోటలకీ మధ్య ఎలుగులు ఎప్పుడూ తిరగవని దీని అర్థం కాదు. ఆ రుతువులో, ఆ ఊరి దగ్గర నేను గీసిన బాణాలు తప్పని మాత్రమే. ఊరివాళ్ల మాటను పటం మీద ఎక్కించి, ఆ పటాన్ని చూసి ఊరివాళ్ల మాట నిజమేనని నమ్మడం ఈ వృత్తిలో పాత రోగం. నాకూ అంటుకుంది.

తిత్లీ ఇచ్చిన ఆకు రాలిన బొమ్మ

మళ్లీ మొదటి నుంచి. ఎలుగు పగలు ఎక్కడ పడుకుంటోంది? వేటగాళ్లు ముందు వెతికేది కూడా పడక చోటునే, మేత చోటు తర్వాత. పడక తెలిస్తే మేతకు పోయే దారి దానంతటదే తెలుస్తుందంటారు.

జీడిచెట్టు ఆకు రాల్చి మోడై నిలబడే చెట్టు కాదు. కొబ్బరి అసలే కాదు. ఏ నెల బొమ్మ తెరిచినా తోట మీద ఆకుపచ్చ దుప్పటే. దాని కింద నేలలో ఏముందో పైనుంచి చూసేవాడికి తెలియదు. అమెరికా వాళ్లకున్న శీతాకాలపు బొమ్మ మనకు ఉండదు గదా అని తల పట్టుకున్నాను. అప్పుడు గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల జారుడు పట్టీని వెనక్కి లాగుతుంటే 2018 చివరి బొమ్మ వచ్చింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ మండలం దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి సంగతి ఉద్దానంలో ఎవరినడిగినా పూట పొడుగునా చెబుతారు. నలభై ఏళ్ల కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా ఒకే దిక్కుకి పడుకున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచాయి. నా తెర మీద ఉన్నది ఆ తర్వాతి బొమ్మ. దుప్పటి చిరిగి నేలంతా బయటపడింది. తోటల మధ్య నేలబావులు నల్ల చుక్కల్లా ఉన్నాయి. పాత గట్లు, పూడిపోయిన కుంటలు, మొగలి పొదల వరసలు, ఎవరూ నడవని డొంకలు అన్నీ తెలుస్తున్నాయి. మనుషుల కొంప ముంచిన గాలి నా పనికి మాత్రం ఆకు రాలిన కాలాన్ని తెచ్చి పెట్టింది. బావ పక్కన కూర్చుని ఆ బొమ్మ చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. పడిపోయిన తన చెట్లను ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటున్నాడని కాసేపటికి అర్థమైంది. మొత్తం నూట పద్నాలుగు అన్నాడు. నేను లెక్కపెట్టి చూడలేదు.

ఆ బొమ్మ మీద నేలబావులు, గట్లు, డొంకలు గీసుకున్నాను. తర్వాత పట్టీని ముందుకు జరుపుతూ 2019 నుంచి 2022 దాకా బొమ్మలు ఒకదాని మీద ఒకటి వేశాను. ఇక్కడొక జాగ్రత్త. ఒక ఏడాది బొమ్మకీ ఇంకో ఏడాది బొమ్మకీ మధ్య ఇదే ఊళ్లో ఏడెనిమిది మీటర్ల జరుగుదల ఉంది. బడి డాబా మూలనీ, ఓవర్‌హెడ్ ట్యాంకునీ గురుతుగా పెట్టుకుని సర్దుకోకపోతే పక్కవాడి తోట మనదైపోతుంది. గ్రామ నక్షాను దీని మీద పరిచినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. హద్దు తగాదాలున్న ఊళ్లో ఆ పొరను ఎవరికీ చూపించకపోవడం మంచిది. నేను చూపించలేదు.

పైనుంచి ఏ తోట ఎలా ఉంటుందో ఒకసారి కన్ను పడితే ఇక మరిచిపోలేం. కొబ్బరి తల నక్షత్రంలా ఉంటుంది, మట్టలు నాలుగు దిక్కులా విచ్చుకుని, వరసలు కట్టి. జీడి గుండ్రంగా, బోర్లించిన బుట్టలా. సరివి (సరుగుడు) తోట ముదురు రంగులో, నున్నగా, నీడలు పొడుగ్గా. మొగలి గట్టు వెంట గరుకుగా, దారం చిక్కుపడినట్టు. బాగా చూసుకునే జీడి తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య తెల్ల ఇసుక మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. పిక్కలేరడానికి కింద శుభ్రం చేస్తారు గదా, అందుకని. ఆ తెలుపు ఎక్కడ మాయమైందో అక్కడ తుప్పలు మొలిచాయన్నమాట. నేను వెతకాల్సింది పచ్చదనాన్ని కాదు, తెలుపు లేకపోవడాన్ని అని తెలిసిన క్షణం నాకింకా గుర్తుంది. రాత్రి పదకొండు దాటింది. కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయేదాకా చూస్తూనే ఉన్నాను.

2019లో అంతా తెల్లగా ఉంది. 2020లో కొన్ని తోటల్లో మళ్లీ మొక్కలు వేశారు. చుక్కలు వరసగా ఉన్నాయి. కొన్ని తోటలు మాత్రం వరస లేకుండా, గజిబిజిగా పచ్చబడ్డాయి. 2022కి అవి ఒకదాంతో ఒకటి కలిసిపోయి, ఊరికి ఈశాన్యంలో ఒకటి, దక్షిణాన ఒకటి, సరివి తోటను ఆనుకుని ఇంకొకటి, మూడు దట్టమైన మచ్చలుగా తయారయ్యాయి. ఆ మచ్చల కింద సర్వే నంబర్లు చూసి ఎవరివని అడిగాను. బావ వేళ్ల మీద చెప్పుకుపోయాడు. ఒకాయన హైదరాబాదులో వాచ్‌మన్. ఒకాయన అండమాన్‌లో. ఇద్దరన్నదమ్ములు పంచుకోలేక కోర్టుకెక్కారు. ఒకావిడ డయాలసిస్ మీద ఉంది, కొడుకులు విశాఖలో. తుపాను తర్వాత మళ్లీ మొక్క నాటే స్తోమత లేక, నాటినా కాపుకొచ్చే దాకా ఆగే ఓపిక లేక ఊరు విడిచినవాళ్ల నేలలవి. ఎలుగు పడక కోసం వెతుకుతూ నేను గీసింది వలసపోయినవాళ్ల పటం.

నీళ్లు, మేత, మా అత్త

చాటు దొరికింది. నీళ్ల కోసం సెంటినెల్-2 ఉపగ్రహపు బొమ్మలు తీశాను. ఇవి ఉచితం. అయిదు రోజులకోసారి అదే చోటి బొమ్మ వస్తుంది. ఒక్కో గడి పది మీటర్లు, మన లెక్కలో సుమారు రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై గడులు. చెట్టు కనిపించదు గానీ ఏ జాగా ఎప్పుడు ఎండిందో తెలుస్తుంది. ఏప్రిల్ రెండో పక్షంలో అన్నీ ఎండుతుంటే పచ్చగా మిగిలినవి రెండు: తంపర నేలల (నీరు నిలిచే పల్లపు నేలల) అంచు, సరివి తోట వెనక మోటారు నీళ్లు కారే పల్లం. రెండో దాని పక్కనే మూడో మచ్చ. అంతా అమరిపోయినట్టే అనిపించింది.

మేత దగ్గర మళ్లీ తప్పటడుగు వేశాను. జీడి, పనస ఎక్కడ దట్టంగా ఉందో అదే మేత చోటని పటంలో పసుపు రంగు పూశాను. ఉద్దానంలో ఆ లెక్కన ఊరంతా పసుపే. మా అత్త అన్నం వడ్డిస్తూ ఆ కాగితం వైపు ఓరగా చూసింది.

"ఓ అల్లుడా, ఎలుగు సెట్టెక్కి తింటాదనుకున్నావేటి? పిక్క తీసేసి పళ్లు కుప్ప పోస్తాం కాదా, ఆ కంపుకొత్తాది. నీ పటంలో కుప్పలున్నాయేటి?"

లేవు. ఉండవు కూడా. జీడిపిక్కే అమ్ముడుపోతుంది. పండును అక్కడికక్కడే తీసి తోట మూలన పోస్తారు. రెండు రోజుల్లో పులిసి వాసన కొడుతుంది. ఎలుగుకి చూపూ వినికిడీ అంతంత మాత్రమే, ముక్కు మాత్రం గట్టిది. పనస తొనలు తీసిన తుక్కు కూడా అలాగే గట్టు మీద. ఇవేవీ పది మీటర్ల గడిలో కనబడవు, అర మీటరు బొమ్మలోనూ కనబడవు. చెదపుట్టలూ అంతే. ఎలుగుకి రోజువారీ తిండి అవే అయినా చెట్ల కింద ఉంటాయి.

మర్నాడు అత్తా, ఇంకో ముగ్గురు ఆడవాళ్లూ నా వెంట వచ్చి కుప్పలన్నీ చూపించారు. జీపీఎస్‌లో గుర్తు పెట్టుకున్నాను. చెట్ల కింద ఆ యంత్రం అయిదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ చెబుతుంది. ఈ పనికి అది చాలు. ఇరవై ఏడు కుప్పలు. వాటిలో పద్దెనిమిది, మనుషులు పొద్దున్నే నడిచే బాట పక్కనే. మోసుకుపోలేక బాట పక్కనే పోస్తారు మరి.

పటాన్ని ఊళ్లోవాళ్లకి ఎలా చూపించాలో కూడా అక్కడే నేర్చుకున్నాను. ఉత్తరం పైన పెట్టి ముద్రించిన కాగితాన్ని అందరూ అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేశారు. వాళ్లకు దిక్కులు రెండే, సముద్రం వైపు, కొండ వైపు. సముద్రం పైకి వచ్చేలా తిప్పి, రామమందిరం, బడి, పెద్ద నేలబావి బొమ్మలు పెద్దగా వేసి మళ్లీ ముద్రించాను. అయిదు నిమిషాల్లో మా అత్త నా బాటల్లో రెండు తప్పులు పట్టింది.

ఇసుక మీద పరీక్ష

మచ్చలు మూడు, నీళ్లు రెండు, కుప్పలు ఇరవై ఏడు. వీటిని కలుపుతూ గట్ల వెంట, మొగలి వరసల వెంట, చాటు తెగని చోట్ల గీతలు గీస్తే అయిదు దారులు వచ్చాయి. అయిదింటి మీదా రెండేసి చోట్ల సాయంత్రం ఇసుక ఊడ్చి పొద్దెక్కాక చూశాం. పొద్దెక్కాక అన్నది ముఖ్యం. జాడ చూసే ఆత్రంలో చీకట్లో పోవడం ఎంత తెలివితక్కువో వేరే చెప్పక్కర్లేదు. మొత్తం పన్నెండు రాత్రులు.

ఎలుగు ముందరి అడుగులో వేళ్లు దాదాపు ఒకే వరసలో పడతాయి. వాటికి ముందు గోళ్ల గుర్తులు దూరంగా, లోతుగా ఉంటాయి. వెనక అడుగు చూస్తే మనిషి వట్టికాలితో నడిచాడేమో అనిపిస్తుంది. అయిదు దారుల్లో రెండింటి మీద అడుగులు పడ్డాయి. ఒకదాని మీద తొమ్మిది రాత్రులు, ఇంకోదాని మీద నాలుగు. మిగిలిన మూడూ ఖాళీ. తొమ్మిది రాత్రుల దారి మూడో మచ్చ నుంచి మోటారు పల్లం మీదుగా మొగలి గట్టు పట్టుకుని పళ్ల కుప్పల దాకా వచ్చి, సరిగ్గా పిక్కలేరే బాటను రెండుచోట్ల దాటుతోంది. రెండో దాని మీద ఒక రోజు పెద్ద అడుగుల పక్కన అక్కడక్కడ చిన్నవి. తల్లీ పిల్లా. ఎలుగు పిల్లలు చలికాలంలో పుట్టి, నెలల తరబడి తల్లి వీపెక్కి తిరుగుతాయి. అందుకే చిన్న అడుగులు తెగిపోయి తెగిపోయి ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆ దారి గురించి నేనేమీ సలహా ఇవ్వలేదు. అటు పోవద్దన్నాను, అంతే.

గాలి సంగతి కూడా వేటగాళ్ల దగ్గర నేర్చుకున్నదే. వాళ్లు గాలికి ఎదురుగా నడుస్తారు, తమ వాసన జంతువుకి అందకూడదని. మాకు కావలసింది అందడమే. ఎలుగు దాడుల్లో ఎక్కువ భాగం దగ్గరగా, హఠాత్తుగా ఎదురుపడి జరిగేవి. ముందే తెలిస్తే అదే తప్పుకుంటుంది. ఒడ్డున తెల్లవారుజామున గాలి ఉంటే అది నేల మీంచి సముద్రం వైపు పోతుంది. పొద్దెక్కాక తిరగబడుతుంది. అంటే ఉదయం కొండ వైపు నుంచి తోటలోకి దిగితే మన వాసన మనకంటే ముందు పోతుంది. సముద్రం వైపు రోడ్డు మీంచి దిగితే ఎలుగు ముక్కుకి మనం లేనట్టే. ఊళ్లో సగం మంది ఆటోలో వచ్చి ఆ రోడ్డు మీదే దిగుతున్నారు.

పటం జేబు మారింది

ఇక్కడి దాకా చదివినవాళ్లకు ఇది బాగా నడిచిన కేసులా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మే మొదటి వారంలో రామమందిరం దగ్గర కూర్చుని పెద్ద కాగితం పరిచి అందరికీ చెప్పాను. మూడు మచ్చలు ఎరుపు, దారులు నలుపు, అడుగులు పడిన చోట్లు చుక్కలు. ఎవరో కుర్రాడు ఫోటో తీశాడు. ఆ సాయంత్రానికి అది నాలుగు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉంది.

ఎనిమిది రోజుల తర్వాత బావ ఫోన్. మొగలి గట్టు మీద, నేను చుక్క పెట్టిన చోటికి పది అడుగుల లోపు, బైకు క్లచ్ వైరుతో ఉచ్చు. అడవిపంది కోసమే పెట్టి ఉండొచ్చు. ఉచ్చుకి పందీ ఎలుగూ తేడా తెలియదు. కాలు ఇరుక్కుని గాయపడిన ఎలుగు ఉన్న తోటలోకి పిక్కలకు పోయిన మనిషి గతేమిటో ఊహించుకోవచ్చు. ఎవరు పెట్టారో తెలియలేదు. బావ అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి కబురు పెడితే ఆయన వచ్చి ఉచ్చు తీయించి, ఆ గట్టంతా వెతికించారు. ఇంకోటి దొరికింది.

వేటగాడి విద్యను తిరగేశానని గర్వపడ్డాను గదా. దాన్ని మళ్లీ తిరగేయడానికి ఒక సెల్‌ఫోన్ చాలింది. ఏ చోట పోకూడదో చుక్క పెట్టి చూపిన పటం, ఎక్కడికి పోవాలో కూడా చూపిస్తుంది. నా వృత్తిలో ఇన్నేళ్లలో ఇంత సూటిగా తగిలిన దెబ్బ లేదు.

అప్పటి నుంచి రెండు రకాల కాగితాలు చేస్తున్నాను. చుక్కలున్నది అటవీ శాఖకు, ఒక్క ప్రతి. ఊరికి ఇచ్చేదాంట్లో జంతువు ఊసే ఉండదు. మనుషుల బాటలు మాత్రమే ఉంటాయి. ఆకుపచ్చవి ఎప్పుడైనా నడవొచ్చు, పసుపువి ఎండ పడ్డాక, ఎర్రవి వద్దు. ఎందుకని అడిగితే నోటితో చెబుతాం. డ్రోన్ ఎగరేద్దామని ఒకరిద్దరు గట్టిగా పట్టుబట్టారు. వద్దన్నాను. జీడి ఆకు కిందకి అదీ చూడలేదు, పైగా ఆ రొదకు బెదిరిన తల్లి ఎటు పరుగెడుతుందో ఎవరు చెప్పగలరు?

చేసినవీ చేయలేనివీ

కుప్పల సంగతి తేలిగ్గా తెమిలింది. ఆడవాళ్లు నిర్ణయించుకున్నారు గనక. పళ్లు బాట పక్కన పోయకుండా సముద్రం వైపు ఒకే చోట గొయ్యి తీసి పూడ్చడం మొదలెట్టారు. కొందరు పశువులకు వేశారు. తెల్లారకముందు పోవడం మాత్రం అందరూ మానలేదు. ఆలస్యమైతే పిక్క వేరేవాడు ఏరుకుపోతాడన్న భయం ఎలుగు భయం కంటే పెద్దది. దానికి నా దగ్గర పటం లేదు.

తుప్పలు కొట్టించడం అన్నిటికంటే కష్టమైంది. మొత్తం కొట్టేద్దాం, తగలబెట్టేద్దాం అన్నవాళ్లున్నారు. కొట్టేస్తే ఎలుగు పక్క తోటలోకి పోతుంది, పక్క తోట మనదే. బాటకి రెండు వైపులా పది పదిహేను అడుగుల మేర మాత్రం కొడదామని ఒప్పించాను, ఎదురుగా వచ్చేది ముందే కనబడేలా. నేల యజమానుల ఒప్పుదల కోసం బావ ఫోన్లు చేశాడు. హైదరాబాదాయన వెంటనే సరేనన్నాడు, కూలి డబ్బులు కూడా పంపాడు. అండమాన్ ఆయన మూడు వారాలకు దొరికాడు. కోర్టులో ఉన్న అన్నదమ్ములు మాత్రం "వాడు ఒప్పుకుంటే నేను ఒప్పుకోను" అన్నారు, ఇద్దరూ. ఆ ముక్క అలాగే ఉంది.

2024 ఏప్రిల్‌లో మళ్లీ బొమ్మలు తీశాను. పది మీటర్ల గడిలో అంత సన్నటి పట్టీ తెలియదనుకున్నాను గానీ, రెండు చోట్ల లేతగా, గీత గీసినట్టు తెలుపు కనబడింది. అన్నదమ్ముల ముక్క మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది. ఊరికి వెళ్లి అవే చోట్ల ఇసుక ఊడ్చి చూశాం. మొగలి గట్టు మీద ఆరు రాత్రుల్లో ఒక్క అడుగూ లేదు. ఏడో రోజు బావ తోట పడమటి మూలన, తిత్లీకి పడిన కొబ్బరి మొద్దుల మధ్య మొగలీ లాంటానా కమ్ముకున్న జానెడు జాగాలో, పెద్ద పెద్ద అడుగులు. పటంలో ఆ మూలకి ఏ రంగూ వెయ్యలేదు. సొంత తోట గదా అని వదిలేశాం ఇద్దరం.

"నీది ఎప్పుడు కొట్టిస్తావు బావా?" అన్నాను.

"పిక్కలైపోనీ," అన్నాడు.